సత్యభామ ఊళ్ల మీదుగా

జపాన్ కబుకి నాటకంలో ఆడవేషాలూ మగవాళ్లే కడతారు. ఆ నటులను ఒన్నగతా అంటారట. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్న వీడియో చూపించి, 'మీకూ ఉన్నారా?' అన్నాడు మా జపాన్ కొలీగ్. ఎందుకు లేరు! బాపట్లలో 1902లో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గురించి చెప్పా. 'ఒక పద్యం అర్థంతో పంపు' అన్నాడు. నోట మాట రాలేదు. పద్యాలు వినడమేగానీ అర్థం తెలిస్తేగా!

శనివారం ముందు ఆయన పుట్టిన బాపట్ల చూసి, తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కి తాతయ్య దగ్గరికెళ్లా. ఆయన రాగం తీస్తుంటే ఆపి ఆపి అర్థం అడిగా. రాత్రి పదకొండయ్యేసరికి నాలుగు పాదాలకు సబ్‌టైటిల్స్ రెడీ. జపాన్ సంగతి తర్వాత, ముందు నాకు అర్థమైంది!