ఇసుకలో దిద్దిన సర్వరు

సర్వరు అన్న మాట వినగానే నాబోటివాడికి ముందుగా గుర్తొచ్చేది కాఫీ హోటలు. భుజాన తుండుగుడ్డ, చేతిలో నాలుగు ప్లేట్లు, ఇడ్లీ మొదలు పెసరట్టు దాకా ఒక్క ఊపిరిలో అప్పజెప్పే నోరు – అదీ సర్వరంటే. కంప్యూటరు వాళ్ల సర్వరూ అంతకంటే భిన్నమైనదేం కాదట. ఎవరొచ్చి ఏది అడిగితే అది తెచ్చి ముందు పెట్టడమే దాని పని. తెలుగు పాఠాలు చెప్పుకునే మేష్టారికి ఆ గొడవ ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. ఎందుకో చెబుతాను.

మా కాలేజీ తెలుగు శాఖకు ఒక మాటల మూట ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, చూసి ముచ్చటపడి, మా గురువుగారు పాతికేళ్లపాటు విద్యార్థులచేత వాళ్ల ఊళ్లనుంచి తెప్పించిన మాటలవి. రైతులవీ, సాలెలవీ, కుమ్మరులవీ కలిసి ఆరువేల పైచిలుకు. ఆయన రిటైరు కాబోయే ముందు వాటిని కంప్యూటరుకెక్కించి, ఒక అద్దె సర్వరులో పెట్టారు. ఆ తరువాత నోటు పుస్తకాలను చెదలు తిన్నాయి. ఆ మాటలు చెప్పిన తాతలూ అవ్వలూ చాలామంది ఇప్పుడు లేరు. అంచేత ఈ భూమ్మీద ఆ మూటకు మిగిలినది ఆ ఒక్క చోటే. ఆ అద్దె గడువు కాస్తా నెల రోజుల్లో ముగియబోతోంది. పాత ఇల్లు ఖాళీ చేసి కొత్త ఇంటికి చేరాలి.

ఇంజనీరింగు చదివే మా అక్క కొడుకుని పిలిపించాను. వాడు అంతా విని, "మామయ్యా, తిన్నగా అందులోంచి ఇందులోకి పోస్తే మధ్యలో ఏం ఒలికిపోతుందో తెలీదు. ముందు మనింట్లోనే ఒక ఉత్తుత్తి సర్వరు పెట్టి చూద్దాం" అన్నాడు.

ఉత్తుత్తి సర్వరంటే, ఉన్న కంప్యూటరులోనే ఇంకొక కంప్యూటరు ఉన్నట్టు నమ్మించడం. ఈ కిటుకు కొత్తదేం కాదు. 1960లలోనే ఐ.బి.ఎం. వారు ఒక పెద్ద యంత్రాన్ని, ఎవరికి వారు అది తమదొక్కరిదే అనుకునేటట్టు, పలువురికి పంచారు. 1972లో దాన్ని వి.ఎం./370 అన్న పేరుతో లోకానికి ప్రకటించారు. ఇప్పుడదే విద్య వర్చువల్‌బాక్స్ అన్న పేరుతో ఉచితంగా ఇంటింటికీ దొరుకుతోంది. పూర్వం వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దేవారు చూడండి. తప్పు పోతే అరచేత్తో తుడిచి మళ్లీ దిద్దుకోవచ్చు. తాటాకు మీద గంటం పెట్టడం ఆ తరువాతి సంగతి. ఈ ఉత్తుత్తి సర్వరు అచ్చం ఆ ఇసుకే.

మొదటి రాత్రి అది అసలు లేవనే లేదు. లోపలి చిప్పుకు ఈ విద్య వచ్చునుగాని, వాడుకోవడానికి అనుమతి ఇచ్చి ఉండలేదు. యంత్రాన్ని ఆపి, తిరిగి లేచేటప్పుడు దాని మూలపు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ మీట వేస్తే లేచి కూర్చుంది. దానిమీద ఉబుంటునూ, అపాచీ అనే సర్వరు ప్రోగ్రామునూ ఎక్కించాం.

రెండో రాత్రి వేరే చిక్కు. సైటు లోపలివాళ్లకు కనిపిస్తోంది, బయట ఉన్న మాకు కనిపించదు. ఉత్తుత్తి యంత్రం గడప దాటి బయటికి వెళ్లగలదుగాని, బయటివాళ్లు లోపలికి రావడానికి దారి లేదు. మా కంప్యూటరు 8080వ తలుపు తట్టినవాళ్లను దాని 80వ తలుపుకు పంపమని ఒక నియమం రాస్తే దారి పడింది. దారి పడ్డాక, మేమడిగిన సైటు బదులు అపాచీవారి స్వాగతపత్రం వచ్చింది! ఒకే సర్వరు పది పేర్లతో పది సైట్లు నడపగలదట. వచ్చినవాడు ఏ పేరు అడిగితే ఆ సైటు తెచ్చిపెడుతుంది. తెలిసిన పేరేదీ చెప్పకపోతే జాబితాలో మొదటిది వడ్డిస్తుంది. ఇలాంటి ప్రయోగాలకని "టెస్ట్" అన్న తోక పేరును 1999లోనే ఎవరికీ అమ్మకుండా విడిగా ఉంచారు. ఆ తోక తగిలించిన పేరొకటి మా కంప్యూటరు చిరునామాల పట్టీలో రాసుకున్నాం. సైటు తెరుచుకుంది.

తెరుచుకుని ఏం లాభం? ఒక్క తెలుగు అక్షరం లేదు! పేజీ నిండా పిచ్చిగీతలు. మా ఆవిడ తొంగిచూసి, "ఇదే భాషండీ?" అంది. మావాడి ముఖం పాలిపోయింది. నేను మాత్రం శాసనం చదివే అలవాటుకొద్దీ వాటివంక చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఒక సంగతి కనబడింది. నెత్తిన గీత ఉన్న ఒక ఇంగ్లీషు "ఏ", దాని పక్కన డిగ్రీ గుర్తు. లేదా కూడిక కింద తీసివేత గీత. ఈ జంటలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పిచ్చివాడి రాతకు ఇంత క్రమం ఉండదు. అక్షరాలు పోలేదు, వేషం మార్చాయి.

కారణం మావాడు విప్పి చెప్పాడు. యూనికోడులో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడేసి గళ్లు ఆక్రమిస్తుంది. మేము వాడే మైఎస్‌క్యూఎల్ పుట్టిల్లు స్వీడన్. 2018లో ఎనిమిదో వర్షన్ వచ్చేదాకా, ప్రత్యేకించి చెప్పకపోతే, వచ్చినవన్నీ పడమటి ఐరోపా అక్షరాలే అనుకుని స్వీడిష్ వర్ణక్రమంలో పేర్చుకునేది. అది పుట్టింటి అలవాటు. మా సైటు కట్టినవారెవరో "ఇవి తెలుగయ్యా" అని దానికి చెప్పలేదు. ఆ మూడు గళ్లనూ అది మూడు అక్షరాలనుకుంది.

మావాడు ఆవేశపడి అన్నిటినీ ఒక్క ఆజ్ఞతో మార్చబోతే వేషం మీద వేషం పడింది. అసలు సర్వరు మీదైతే నా గుండె ఆగిపోయేది. ఇది ఇసుక కదా! అంతకుముందు తీసి ఉంచుకున్న నకలుకు వెనక్కి వెళ్లాం. రెండు నిమిషాల్లో అంతా మొదటికొచ్చింది. ఈసారి గళ్లను ఏ మార్పూ లేకుండా యథాతథంగా దించి, మూట మీద పేరు మాత్రం మార్చి, కొత్తదాంట్లోకి ఎక్కించాం.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కొత్త డేటాబేసు కొన్ని వరుసల దగ్గర మొండికేసింది. "ఇక్కడ అక్షరం సగమే ఉంది, నేను పుచ్చుకోను" అంది. పాతదాంట్లో అర్థానికి ఇచ్చిన చోటు 255 గళ్లు. "స్త్రీ" అన్న ఒక్క మాటకే ఆరు గుర్తులు, అంటే పద్ధెనిమిది గళ్లు. 85 గుర్తులు దాటేసరికి చోటు చాలక, మిగిలినది పాత సర్వరు చప్పుడు చేయకుండా కత్తిరించేసింది. ఇన్నేళ్లూ చదివినవాళ్లు మేష్టారు క్లుప్తంగా రాశారనుకున్నారు! 255 గళ్లూ నిండినవాటిని ఏరిస్తే 63 తేలాయి.

"పాతర" అన్న మాట తీసుకోండి. "ధాన్యం నిలవ చేయడానికి నేలలో తవ్విన గొయ్యి, అడుగునా చుట్టూ గడ్డి పొరలు పరిచి, ధాన్యం పోసి, పైన మట" – అక్కడితో సరి.

గురువుగారికి ఫోను చేశాను. ఆయనకు ఎనభై దగ్గరపడుతున్నాయి. నేను చదివాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

"పైన మట్టితో కప్పేస్తారు. అంతేకాదోయ్, అసలు మాట తరువాతది. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు. లోపల గాలి చెడి ఉంటుంది. ముందు దీపం దించి చూస్తారు. దీపం ఆరిపోతే మనిషి దిగడు. ఆ పిల్లవాడి తాత మరీ మరీ చెప్పి రాయించాడయ్యా అది."

తాత మరీ మరీ చెప్పిన ముక్కే పోయింది! ఎనిమిది సాయంత్రాలు ఫోను దగ్గర కూర్చుని యాభై రెండింటిని పూర్తి చేశాం. పదకొండు ఆయనకూ గుర్తు రాలేదు. వాటి పక్కన "ఇక్కడినుంచి లుప్తం" అని రాయించాను, లోపం చదివేవాళ్లకు తెలియాలి గనక.

అసలు సర్వరు మార్పు ఒక ఆదివారం ఉదయం ఇరవై నిమిషాల్లో ముగిసింది. బ్రౌను దొర తాళపత్ర ప్రతులను పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడని పాఠం చెబుతూంటాను. అసలు ప్రతిని చెరపకుండా నకలు రాయించుకోవడంలోని భద్రత మాత్రమే చెప్పేవాణ్ణి. నకలు దిద్దడానికి కూర్చున్నప్పుడే అసలుకు ఎప్పుడో తగిలిన గాయం కంటబడుతుందని ఇప్పుడు కలిపి చెబుతున్నాను.