నాన్న అడిగిన ప్రశ్న

ఆశయాలు రాయడానికి అరగంట కూడా పట్టలేదు. కళల్ని కాపాడాలి, ప్రదర్శనలు పెట్టాలి... రెండు పేజీలు నిండిపోయాయి. యూనివర్సిటీలో బొమ్మల క్లబ్బు పెడదామనుకున్న కొండపల్లి అమ్మాయి, సెలవులకు ఇంటికొచ్చి ఆ నిబంధనావళిని నాన్నకు చదివి వినిపించింది. ఆయన తెల్లపొణికి ఏనుగుకు మక్కుతో తొండం అతికిస్తున్నాడు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది.

‘డబ్బెవరి దగ్గరుంటుందమ్మా?’

‘కోశాధికారి దగ్గర.’

‘చదువైపోయి ఆ అబ్బాయి వెళ్లిపోతే?’

అమ్మాయి దగ్గర జవాబు లేదు.

విద్యార్థి సంఘాల చిక్కే ఇది. ఊరి సంఘంలో అధ్యక్షుడు పదేళ్లు కదలకపోవచ్చు, అది వేరే గోల. క్యాంపస్‌లో నాలుగేళ్లకు మనుషులంతా మారిపోతారు, కాగితమొక్కటే మిగులుతుంది. సొసైటీగా రిజిస్టర్ చేయించాలంటే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురుండాలి. ఏడుగురు దొరుకుతారు. దొరకనివి లెక్కలే! 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫార్సులు విద్యార్థి ఎన్నికల అభ్యర్థి ఖర్చు 5 వేలు దాటకూడదన్నాయి, ఫలితాలొచ్చిన రెండు వారాల్లో లెక్క చూపాలన్నాయి. చిన్న క్లబ్బుకు అంత హంగామా అక్కర్లేదు గానీ, ఆ గడువు ఆమెకు నచ్చింది.

ఆశయాలు సగం కొట్టేసి మళ్లీ రాసింది. బ్యాంకులో ఇద్దరి సంతకాలుండాలి, అందులో ఒకరు చివరి ఏడాది వాళ్లు కాకూడదు. పరీక్షలకు నెల ముందే కొత్త కార్యవర్గం రావాలి. రెండు వారాల్లో పాతవాళ్లు లెక్క అప్పగించాలి.

‘సభ్యత్వం ఎంత పెట్టావు?’

‘వంద.’

‘వంద లేని పిల్లల సంగతో?’

అమ్మాయి మళ్లీ పెన్ను మూత తీసింది.