పేరు దొరికింది, వూరెక్కడ?

పాతగ్రంథాల్లో కనిపించే వూళ్ళపేర్లు కొన్ని చిరునామా లేని వుత్తరాలవంటివి. యూదుల పవిత్రగ్రంథంలో ఓఫీరు అనే చోటొకటి వున్నది. సొలొమోను రాజుగారికి అక్కడినుంచి ఓడలమీద బంగారం, రత్నాలు వచ్చేవట. 1946లో టెల్ అవీవ్ పక్కనున్న టెల్ కసీలే దిబ్బమీద ఓ కుండపెంకు దొరికింది. దానిమీద ఓఫీరు బంగారం అని వ్రాసివున్నది. పేరు కల్పన కాదని తేలింది, వూరుమాత్రం తేలలేదు. అరేబియా అన్నవారున్నారు, ఆఫ్రికా అన్నవారున్నారు, పేరుపోలికనుబట్టి బొంబాయి దగ్గరి సోపారా అన్నవారూ వున్నారు.

ఇటువంటి చిక్కే మన తెలుగునాట ఒకటి చక్కగా విడిపోయింది. క్రీ. శ. 2వ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళవేత్త మన తీరంలో కొంటకొస్సైల అనే వర్తకస్థానాన్ని పేర్కొన్నాడు. నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక, కంటకసేల మహాచైత్యం తూర్పువాకిట రాతిమండపం కట్టించానని చెప్పుకున్నది. కృష్ణాజిల్లా ఘంటసాలలో పెద్ద స్తూపం బయటపడింది గనుక అదే ఆ వూరై వుండాలని అనిపించడం సహజం. కాని పోలిక సాక్ష్యం కాదు. ఘంటసాల రాళ్ళమీది ప్రాకృతశాసనాల్లోనే కంటకసోల అన్న మాట కనిపించింది. శివకుడనే మహానావికుడి పేరూ కనిపించింది. డచ్చి పండితుడు వోగెల్ వాటిని ప్రకటించాడు. రేవూ, స్తూపమూ, పేరూ ఒక్కచోట కలిశాయి!

మా అమలాపురం విద్యార్థులకు ఈ పాఠం చెప్పి, ఆదుర్రు తీసుకువెళ్ళాను. వైనతేయ ఒడ్డున, కొబ్బరితోటల మధ్య, ఇటుకల బౌద్ధస్తూపం. వూళ్ళోవాళ్ళు దాన్ని దుబరాజు గుడి అంటారు. జనం పెట్టిన పేరును నమ్మితే అక్కడ రాజుంటాడు. ఇటుకలను అడిగితే బుద్ధుడు పలుకుతాడు.

"మాస్టారూ, టాలెమీ పుస్తకంలో మన వూరుకూడా వుంటుందేమో చూడండి!" అన్నాడొక కుర్రవాడు.

"ముందు మీ పెరట్లో చూడు నాయనా," అన్నాను. నవ్వులాటకు కాదు. ఘంటసాల రాళ్ళను ఎవరో బావిగట్టుకో, గోడ పునాదికో వాడుకుని వుంటే కంటకసోల యీనాటికీ ఓఫీరుకు తోడుగా తిరుగుతూ వుండేది. కోనసీమలో రాయి అరుదు. దొరికిన రాయి చాకిరేవుకో గడపకో పోవడం సులువు. గీతలున్న రాయి కంటబడితే, గునపం వెయ్యకముందు నలుగురికీ చూపించండి. ఒక వూరి పేరు దానిమీద వుండవచ్చు.