చేర్పుల పోషణ

మన పాఠశాలలో హాజరును, మార్కులను వ్రాసికొనుటకు వాడుచున్న కంప్యూటరు ప్రోగ్రామును మీరెల్లరు నెరుగుదురు. దానిని వ్రాసినవారు మన పూర్వవిద్యార్థులే. వారు దానిని అమ్ముకొనక, మూలమును తెరచియుంచి, ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును అనిరి. ఇట్టిదానినే ఓపెన్ సోర్సు అందురు. ఇతర పాఠశాలలవారును దానిని తీసికొని, తమకు కావలసిన చిన్న చిన్న చేర్పులను తామే వ్రాసి మనకు పంపసాగిరి. క్రిందటి వేసవి నాటికవి పదునాలుగైనవి. అసలు ప్రోగ్రాముతోపాటు మనము పోషింపవలసినవేవి, వ్రాసినవారికే విడువవలసినవేవి యని తేల్చుటకు ముగ్గురితో నొక సంఘ మేర్పడెను. అందు మేమొకరము. ట్రైనింగు కళాశాలలో మేము చదివిన పాఠములలో నిట్టిది లేదు.

మొదట మాకిది సులభముగా తోచెను. పనికివచ్చునవి ఉంచుదము, రానివి తీసివేయుదము అనుకొంటిమి. కాని పదునాలుగును ఎవరికో యొకరికి పనికివచ్చునవే!

ఆ దినములలో నొక సాయంకాలము స్కూటరు మరమ్మతుకై ఆటోనగరులో నొక పూర్వవిద్యార్థి షెడ్డునకు పోయితిమి. అచ్చట క్రొత్త లారీ చాసీ యొకటి నిలిచియుండెను. చాసీ కంపెనీనుండి వచ్చును. దానిపై తొట్టిని ఇచ్చటివారు కట్టుదురు. ఆపైని యజమాని కోరినవి: పనిముట్ల పెట్టె, నిచ్చెన, అదనపు దీపములు, తాడు కట్టు కొక్కెములు. "వీనిలో దేనికి ఒప్పుకొందువు? దేనిని కాదందువు?" అని యడిగితిమి. అతడు నవ్వి, "బిగించడానికేముందండి మాస్టారూ, గంట పని. చాసీకి చిల్లు పెట్టమంటేనే ఆలోచిస్తాను. అక్కడ బీట పడితే బండే పోద్ది. పైన తగిలించింది ఊడినా పక్కకి తీసి పెట్టుకోవచ్చు. మళ్లీ ఎవరు బిగిస్తారన్నది మాత్రం ముందే అడుగుతాను" అనెను.

చాసీకి చిల్లు అను మాట మాకు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కథను జ్ఞప్తికి దెచ్చెను. దాని పాతకాలపు చేర్పులు బ్రౌజరు లోపలి భాగములనే పట్టుకొని పనిచేసెడివి. కావున లోపల నేది మార్చినను ఇవి విరిగెడివి. తుదకు 2017 నవంబరులో 57వ కూర్పుతో ఆ పద్ధతి చేర్పులన్నియు నిలిచిపోయెను. వెన్న నాగార్జునగారు వ్రాసిన పద్మయు ఆ పద్ధతిదే. తెలుగు వార్తాపత్రికలు తమ సొంత ఫాంటులలో పెట్టుకొన్న యక్షరములను అది యూనికోడులోనికి మార్చి చూపెడిది. అప్పటికి పత్రికలే యూనికోడునకు మారుచుండెను గాన, దాని పని చాలవరకు తీరెననవచ్చును. ఇందుకు మారుగా, మలయాళ వికీపీడియా వాడుకరులు తమ భాషను టైపు చేయుటకై వ్రాసికొన్న పనిముట్టునుండి నారాయం అను పొడిగింత పుట్టి, 2011లో ఇతర భారతీయభాషల వికీపీడియాలకును వచ్చెను. 2013లో ఆ పని యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టరునకు సంక్రమించి, వికీమీడియా ఫౌండేషను వారి పోషణలోనికి పోయెను. ఒక్కొక్క భాషవారు తమ పనిముట్టును తామే బాగుచేసికొను శ్రమ తప్పినది.

ఈ తెలివితో మా సంఘము కూర్చుండెను. ఫీజు బాకీల సందేశములు పంపు చేర్పును తొమ్మిది పాఠశాలలు వాడుచుండెను. అది మార్కుల పట్టికలోనికే చేయి పెట్టుచున్నది. వ్రాసినవారు మా మూడు జాబులకు బదులీయలేదు. దానిని వదలితిమి. కొందరు గొణిగిరి. సర్టిఫికెట్ల అంచులు వేయునది తొమ్మిదవ తరగతి బాలుని పని; నిమిషములో ఒప్పుకొంటిమి.

పదకొండవది మార్కులను తెలుగులో బిగ్గరగా చదువు చేర్పు. చూపు పోయిన ఒక ఉపాధ్యాయినిగారికై వారి పాఠశాలలో నెవరో వ్రాసినది. వాడువారు ఒక్కరే. మేమే పెన్సిలుతో "అక్కరలేదు" అని వ్రాసితిమి. జూనులో క్రొత్త కూర్పు విడుదలయ్యెను. లోపల నొక పేరు మారుటచేత ఆ చేర్పు మూగవోయెను. జూలైలో ఆమె ఫోను చేసిరి. కోపమేమియు లేదు. "మాస్టారూ, మార్కులు మళ్లీ పిల్లలచేతే చదివించుకుంటున్నానండి. ఒకరి మార్కులు ఇంకొకరికి తెలిసిపోతున్నాయి. ఏదైనా దారుంటే చెప్తారా?" అనిరి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందరు వాడుచున్నారని లెక్కించితిమే గాని, అది లేనిచో వారికి వేరుదారి గలదా యని యడుగమైతిమి. ఫీజు సందేశమును చేతితో వ్రాసి పంపవచ్చును. ఆమెకు చేయి చూపుటకు మరేమున్నది? పైగా ఆ చేర్పునకు గొంతుకయైన ఈస్పీక్ ఎన్‌జీ సంగతి మేము మరచితిమి. మొదటి రచయిత జోనాథన్ డడింగ్టన్‌గారినుండి కూర్పులు ఆగిపోగా, 2015లో ఇతరులు చేపట్టి నిలిపినదే అది.

మరునాడు ప్రార్థన ముగిసిన పిమ్మట మిగిలిన యిద్దరికిని మా తప్పు చెప్పితిమి. పదకొండవది తిరిగి చేర్పబడెను. దానిని బాగుచేసినవారు పదవ తరగతి బాలిక యొకతె, ఆటోనగరు షెడ్డులోని పూర్వవిద్యార్థి తమ్ముడును. ప్రతి కూర్పునకు ముందు దానిని పరీక్షింతుమని వారిరువురు తమ పేర్లు వ్రాసియిచ్చిరి. ఆగస్టులో ఆమె మరల ఫోను చేసి, "పద్దెనిమిదిని పదెనిమిది అని చదువుతోందండి" అని నవ్విరి. అదియు సరిచేయబడినది.

ఇప్పుడు కంప్యూటరు గది తలుపుమీద చేర్పుల పట్టిక యొకటి అంటింపబడియున్నది. ప్రతిదాని కెదుట పోషకుని పేరుండవలెను. గ్రంథాలయపు పుస్తకముల చేర్పునకును, బస్సు వేళల చేర్పునకును ఇంకను ఎవరును దొరకలేదు. డిసెంబరులోగా పేర్లు రానిచో ఆ రెంటిని తీసివేయుదుము. ఇష్టమున్నవారు శనివారము మధ్యాహ్నము మమ్ము అచ్చట కలిసికొనవచ్చును.