పోయిన పుస్తకం, మిగిలిన వస్త్రం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో, 1917 నాటి కార్నెగీ గ్రంథాలయ భవనంలో 2014లో ప్రారంభమైన ఈస్ట్ సైడ్ ఫ్రీడమ్ లైబ్రరీ, ఆసియాలోని వేర్వేరు కొండసీమలకు చెంది యుద్ధాల వల్ల ఒకే నగరానికి చేరిన హ్మాంగ్, కరెన్ జాతుల జ్ఞాపకాలకు చోటిచ్చింది. హ్మాంగ్ ఆర్కైవ్స్ అనే సేకరణకూ, కరెన్ స్త్రీల నేత బృందానికీ ఈ భవనమే నెలవైనందున, ఇక్కడికి వచ్చే సందర్శకునికి ఆ రెండు జాతుల చరిత్ర గ్రంథాలకన్న ముందు గుడ్డ మీదనే ఎదురవుతుంది.

హ్మాంగుల కుట్టుపనిని ‘పా న్దావ్’ అంటారు. పూలగుడ్డ అని దాని అర్థం. గీతలు, సుడులు మాత్రమే ఉండే ఆ పనిలోకి, 1975 తరువాత థాయ్‌లాండ్ శరణార్థి శిబిరాల్లో మనుషులు, ఊళ్లు, యుద్ధవిమానాలు, మెకాంగ్ నదిని దాటే కుటుంబాలు చేరడంతో కథావస్త్రం అనే కొత్త రూపం పుట్టింది. కొన్ని వస్త్రాల్లో కథ చైనా నుంచి మొదలవుతుంది. చైనాలో మియావో అని వ్యవహరించే సముదాయంలో ఒక శాఖ అయిన హ్మాంగులు, చింగ్ వంశపు పాలనలో భూములు కోల్పోయి, తిరుగుబాట్లు అణగారిపోగా, 19వ శతాబ్దంలో పెద్ద సంఖ్యలో వియత్నాం, లావోస్ కొండలకు తరలివెళ్లారు. లావోస్‌లో 1961 మొదలు హ్మాంగ్ సేనాని వాంగ్ పావ్ నాయకత్వంలో అమెరికా గూఢచారి సంస్థ పక్షాన పోరాడినవారు, 1975లో ఆ పక్షం ఓడిపోవడంతో మళ్లీ వలసబాట పట్టారు. ఈ వలసల జాడ పాటలోనూ ఉంది: హ్మాంగుల అంత్యక్రియల్లో పాడే ‘దారి చూపే పాట’ మృతుని ఆత్మను అతడు నివసించిన ఊళ్లన్నింటి మీదుగా వెనక్కి నడిపించి, పుట్టినచోట పాతిన మావి దగ్గరకు చేరుస్తుంది. ఆత్మ తొడుక్కునే తొలి వస్త్రం మావియేనని వారి విశ్వాసం.

కరెన్ స్త్రీలది నడుము మగ్గం. పడుగు ఒక కొసను స్తంభానికి కట్టి, రెండో కొసను నేతగత్తె పట్టీతో తన నడుముకు బిగించుకుంటుంది. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. గుంట మగ్గంలా నేలను అంటిపెట్టుకోని ఈ సాధనాన్ని చాపలా చుట్టుకొని సరిహద్దులు దాటవచ్చు. పెళ్లికాని ఆడపిల్లలు తొడిగే తెల్లని పొడవాటి అంగీ, పెళ్లయినవారు తొడిగే, గింజలు కుట్టిన రవిక ఈ మగ్గం మీదివే.

కరెన్ల గతం జాడలు నేతలోనే కాక భాషలోనూ ఉన్నాయి. కరెన్ భాషలు టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబంలో అధిక భాషలు తెలుగులాగే క్రియను వాక్యం చివర నిలుపుతుండగా, కరెన్ భాషలు కర్మకు ముందే నిలుపుతాయి. పొరుగు భాషలతో చిరకాల సంపర్కం దీనికి కారణమని భాషావేత్తల భావన. పూర్వులు ‘ప్రవహించే ఇసుక నది’ని దాటి వచ్చారని చెప్పే ఐతిహ్యాన్ని కొందరు గోబీ ఎడారికి ముడిపెట్టినా, అది ఊహ మాత్రమే. బర్మాలో 1947లో కరెన్ నేషనల్ యూనియన్ ఏర్పడింది. 1949 జనవరిలో బర్మా ప్రభుత్వంతో దాని సాయుధ పోరాటం మొదలైంది. ఆ పోరు వల్ల 1984 నుంచి థాయ్‌లాండ్ సరిహద్దులో మే లా వంటి శిబిరాలు వెలిశాయి.

ఈ రెండు జాతులూ తమ పుస్తకం పోయిందనే చెబుతాయి. సృష్టికర్త ఇచ్చిన గ్రంథాన్ని తెల్ల తమ్ముడు పట్టుకుపోయాడని కరెన్లు, వలసదారిలో నది దాటుతుండగా పోయిందని హ్మాంగులు చెప్పుకుంటారు. కరెన్ భాషకు 1830లలో బాప్టిస్టు మిషనరీ జోనథన్ వేడ్ బర్మా అక్షరాల ఆధారంగా లిపిని కూర్చగా, హ్మాంగు భాషకు 1959లో షాంగ్ లూ యాంగ్ అనే రైతు సొంత లిపిని సృష్టించాడు. లిపి రాకముందు వారికి పత్రాలు లేకపోవచ్చు గాని, చరిత్ర లేకపోలేదు. పాటలోని ఊళ్ల వరుసనూ, గుడ్డలోని కుట్లనూ సాక్ష్యంగా చదివినప్పుడే ఆ చరిత్ర వారి మాటల్లో వినిపిస్తుంది.