పూర్ణమ్మ, ఫిన్లాండు పిల్ల, మా చెల్లి

మొన్నొకరోజు హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెడితే అందులోంచి వస్తున్న గోల విని, మా పక్క సీటు కుర్రాడు "సార్, ఎవర్నైనా చంపుతున్నారా?" అని అడిగాడు. చంపడం కాదు నాయనా, ఏడుపు అన్నాను. నమ్మలేదు. సమాధానం కాస్త పెద్దది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ గోల పేరు 'టేల్స్ ఫ్రమ్ ది థౌజండ్ లేక్స్'. అమోర్ఫిస్ అనే ఫిన్లాండు బ్యాండు 1993లో స్టాక్‌హోమ్‌లో రికార్డు చేసి, 1994లో విడుదల చేసిన ఆల్బమ్. పది పాటలు. వాయించినవాళ్ళంతా అప్పటికి ఇరవై ఏళ్ళ అటూ ఇటూ కుర్రాళ్ళు. నాకిది 2004లో హాస్టల్ రూమ్మేటు కాపీ చేసిచ్చిన సీడీలో తగిలింది. మొదట పియానో, ఎంత హాయిగా ఉంటుందో! ఆహా అనుకునేలోపు గిటార్లు, డ్రమ్ములు, వాటి మీద టోమి కోయివుసారి గొంతు... మాయాబజార్ ఘటోత్కచుడికి జలుబు చేసినట్టు!

మొదటిసారి నవ్వాను. కానీ వారం తర్వాత బట్టలుతుక్కుంటూ అందులో ట్యూనొకటి కూనిరాగం తీస్తున్నాను. అదీ దీని కిటుకు. గొంతు పక్కన పెడితే కింద నడిచేవన్నీ పల్లెపాటల్లాంటి వరసలే. ఆ గొంతు కూడా ఊరికే కేకలు పెట్టడం కాదు. స్వరతంత్రుల పైనుండే మడతల్ని కూడా అదిరేలా చేసి తీసే ధ్వని. చేతకానివాడు ప్రయత్నిస్తే రెండ్రోజులు మాట రాదు (స్వానుభవం).

ఇక మాటలు. అవి ఫిన్లాండు వాళ్ళ కలేవలలోవి. ఏలియాస్ లోన్‌రోట్ అనే డాక్టరుగారు ఊరూరా తిరిగి, పల్లెజనం పాడుకునే పాటలు రాసుకుని, కూర్చి, 1835లో అచ్చేయించాడు. 1849లో పెంచి మళ్ళీ వేస్తే 50 పాటలు, 22,795 పాదాలయ్యాయి. మన కుర్రాళ్ళు అందులోంచి ఇంగ్లీషు మాటలు తీసుకుని డెత్ మెటల్‌లో పెట్టారు.

నన్ను పట్టుకున్న పాట 'డ్రౌన్డ్ మెయిడ్'. దాని వెనకున్న కథ ఇదీ. యౌకహైనెన్ అనే కుర్రాడు వైనామొయినెన్ అనే ముసలి మంత్రగాడితో పాటల పోటీకి దిగి ఓడిపోతాడు. ముసలాయన పాట మహిమకి బురదలో కూరుకుపోతూ, నన్నొదిలెయ్ మా చెల్లి ఐనోని నీకిస్తా అంటాడు. ఇంట్లో తల్లి గొప్ప అల్లుడు దొరికాడని మురిసిపోతుంది. ఐనో ఏడ్చి ఏడ్చి సముద్రంలో మునిగిపోతుంది. పోతూ నాన్నని ఇక్కడ చేపలు పట్టొద్దంటుంది, అమ్మని పిండి కలపడానికి ఈ నీళ్ళు ముంచుకెళ్ళొద్దంటుంది, అన్నని గుర్రాన్ని ఇక్కడికి తోలుకురావొద్దంటుంది. ఈ నీళ్ళన్నీ నా నెత్తురే అంటుంది.

ఎక్కడో విన్నట్టు లేదూ? మా విజయనగరం గురజాడవారి పూర్ణమ్మ! ముసలి మొగుడు, నీళ్ళు, వెళ్ళేముందు ఇంట్లోవాళ్ళకి చెప్పుకునే మాటలు. చిన్నప్పుడు మామ్మ పాడితే నేనూ చెల్లీ చెరో మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చేవాళ్ళం. తేడా ఒక్కటే. పూర్ణమ్మని ఇచ్చింది కన్నవాళ్ళు. ఐనోని ఇచ్చింది అన్న.

నేను ఆగిపోయింది అక్కడే. 2012లో మా చెల్లికి సంబంధం తెచ్చింది నేను. ముసలాడేం కాదు, మంచి ఉద్యోగమే. "అన్నయ్యా, బీఎడ్ అయ్యేదాకా ఆగుదామా" అంది. ఇలాంటి సంబంధం మళ్ళీ రాదన్నాను. అసలు సంగతి, చెల్లి పెళ్ళి అయితే గానీ నా పెళ్ళి కాదు, నా ఆన్‌సైట్ ప్రయాణం దగ్గర పడుతోంది. బురదలో ఉన్నది నేను. 2015లో రెండు సూట్‌కేసులతో తిరిగొచ్చేసింది. తర్వాత బీఎడ్ చేసి, ఇప్పుడు మధురవాడలో ఒక స్కూల్లో చెప్తోంది. నన్ను ఒక్కమాట అనలేదు. నేనూ ఎత్తలేదు.

పూర్ణమ్మ చదివితే కళ్ళు తడుస్తాయి, నేనెంత మంచివాణ్ణో అనిపిస్తుంది. ఈ పాటలో ఆ సుఖం లేదు. మునిగిపోయిన పిల్ల కథని ఆ బొంగురు గొంతు చెప్తుంటే, అది ఆ అన్నే చెప్తున్నట్టు ఉంటుంది నాకు. తీయగా ఏడ్చే హక్కు నష్టపోయినవాళ్ళది. కారణమైనవాడికి అలాంటి గొంతే తగును. ఇరవై ఏళ్ళుగా నేనిది వింటున్నది అందుకేనేమో.

పోయిన నెల ఓ ఆదివారం సాయంత్రం రుషికొండ బీచికి వెళ్ళాం. ఎవరో కుర్రాళ్ళు లోపలికి పోతుంటే లైఫ్‌గార్డు ఈల ఊదుతున్నాడు. చెల్లికి ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చి ఈ పాట పెట్టాను. నాలుగు నిమిషాలు పైనే ఓపిగ్గా విని, "ఈయన గొంతులో ఏమైనా అడ్డం పడిందా?" అంది. కథ చెప్పాను.

కాసేపు అలల వైపు చూసి, "ఆ అన్నయ్య తర్వాత ఏమయ్యాడు?" అంది.

"ముసలాయన మీద కక్షతో బాణం వేశాడు. గుర్రానికి తగిలింది."

"చెల్లెల్ని గురించి ఏమీ అనలేదా?"

"నాకైతే ఎక్కడా కనబళ్ళేదు."

"మరి నువ్వేమంటావ్?"

చెప్పాను. 2015లో గుమ్మంలోనే చెప్పాల్సిన మాట. గొంతు సరిగ్గా రాలేదు.

చెల్లి ఇయర్‌ఫోన్ తీసి నా జేబులో పెట్టింది. "గోలగానే ఉంది అన్నయ్యా నీ పాట" అని, తింటున్న మొక్కజొన్న పొత్తు సగం విరిచి ఇచ్చింది.