చల్లని కారవాన్... కింద వేడి జనరేటర్!

షూటింగు చూడటానికి వచ్చిన అభిమానుల్ని ఎప్పుడైనా గమనించారా? కెమెరా వైపు చూసేవాళ్ళు సగం మందే. మిగతా సగం మంది చూపులూ కారవాన్ తలుపు మీదే! అదెప్పుడు తెరుచుకుంటుందా, హీరోగారు ఎప్పుడు మెట్టు దిగుతారా అని. లోపల ఏముంటుందో మా పత్రికలవాళ్ళం చాలాసార్లు రాశాం. మెత్తని సోఫా, నిలువుటద్దం, దాని చుట్టూ బల్బులు, రెండు ఏసీలు, బుల్లి ఫ్రిజ్, స్నానాలగది... కానీ కరెంటు స్తంభమే కనబడని కొండమీద ఆ ఏసీలు ఎలా తిరుగుతున్నాయని ఏ అభిమానీ అడగడు. బండి అడుగున ఇనపపెట్టెలో డుగడుగమంటూ ఒక జనరేటర్ తిరుగుతూ ఉంటుంది. ఈ వారం దాని కథే!

ఒకప్పుడు ఈ హంగామా లేదు. 1967లో వచ్చిన ‘సాక్షి’ని బాపుగారు గోదావరి జిల్లాలో పులిదిండి అనే పల్లెటూళ్ళో తీశారు. ఆ రోజుల్లో ఔట్‌డోర్ అంటే తారలకు చెట్టునీడా, మడతకుర్చీ. జనరేటర్ వస్తే గిస్తే లైట్ల కోసం వచ్చేది, మనుషుల చల్లదనం కోసం కాదు. ఇక టూరింగ్ టాకీసువాళ్ళకి ఇంజనే ప్రాణం. అది ఆగితే బొమ్మ ఆగేది, ఈలలు మొదలయ్యేవి! టూరింగ్ టాకీసులు పోయాయి. ఇంజను మాత్రం కారవాన్ కిందికి చేరింది.

నేను చెప్పే కారవాన్ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో షూటింగుకి వచ్చింది. మూసీ నది పుట్టిన ఆ కొండలంటే సినిమావాళ్ళకి మహా ఇష్టం. హైదరాబాదుకి దగ్గర, కెమెరా ఎటు తిప్పినా పచ్చదనం. అక్కడ ఓ మధ్యాహ్నం రెండో ఏసీ వెయ్యగానే జనరేటర్ మూలిగింది, నల్లటి పొగ కక్కింది. అద్దం చుట్టూ బల్బులు గుడ్డివైపోయాయి. షెడ్యూలు ముగిశాక బండిని ఎక్కడికి తోలారనుకున్నారు? హైదరాబాదుకి కాదు, తాండూరు పక్కనున్న కరణ్‌కోటకి! కారవాన్ల మీద వ్యాసం రాద్దామని తిరుగుతున్న నేనూ అందులోనే ఎక్కాను.

కరణ్‌కోట అంటే సిమెంటూ, నాపరాయీ. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారి ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. చుట్టుపక్కల నాపరాయి గనులు, బండలు కోసి నునుపు చేసే మిషన్లు, లారీలు. మేకప్‌మ్యాన్ పౌడరు అద్దినట్టు చెట్ల ఆకుల మీద కూడా తెల్లదుమ్మే! ఈ దుమ్ములో ఇరవైనాలుగు గంటలూ తిరిగే డీజిలింజన్లకు వైద్యం చేసి చేసి తలపండిన ఉస్తాద్ ఒకాయన ఇక్కడ ఉన్నాడు. అరవై దాటాయి. ఓనరుకి ఆయన సంగతి చెప్పింది కారవాన్ డ్రైవరే.

ఓనరు ఫోన్లో అప్పటికే తీర్పు చెప్పేశాడు, “అది పోయింది, కొత్తది కొనాల్సిందే” అని. ఉస్తాద్ ఏమీ అనలేదు. జనరేటర్ని నడిపించి, ఒక ఏసీ వేయించి మీటరు చూశాడు. 50 దగ్గర ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ, రెండో ఏసీ వెయ్యగానే 46కి పడిపోయింది.

“కరెంటు ఖరాబు కాలేదు సార్, ఇంజను అలిసిపోయింది. ఇది నిమిషానికి పదిహేనొందల సుట్లు తిరిగితేనే మీకు యాభై వస్తది. బరువు మీద పడంగనే సుట్లు తగ్గుతున్నయి” అన్నాడు.

ఎందుకు తగ్గుతున్నాయో ఒక్కొక్కటే బయటపడింది. గాలి ఫిల్టరు విప్పితే సన్నటి దుమ్ము అట్టలు కట్టి ఉంది. ఇంజనుకి గాలే అందకపోతే డీజిలు సరిగా ఎలా మండుతుంది? మండని డీజిలే నల్లపొగ. ఇంజెక్టర్లు టెస్టు చేస్తే మంచులా చిమ్మాల్సిన డీజిలు కుళాయి కారినట్టు కారింది. ఆయిలు మూత తీసి ఇంజను తిప్పితే అక్కణ్ణించీ పొగే! రింగులు అరిగిపోయి, మండిన గాలి పిస్టన్ పక్కనుంచి కిందికి జారుతోందన్నమాట. దుమ్ము లోపలికి దూరితే గరుకు కాగితంలా లైనర్లను గీకేస్తుంది. గనుల దగ్గర ఇలాంటివి వందలు చూశాడాయన.

నాలుగు రోజులు పట్టింది. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి. వాల్వులు పేస్టు పెట్టి అరగదీశాడు. ఇంజెక్టర్లకు కొత్త నాజిళ్ళు. రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న మట్టిని లోపలి వైపునుంచి గాలి కొట్టి వదిలించాడు. ఆల్టర్నేటర్ వైండింగుకి మెగ్గర్ పెట్టి చూస్తే చెమ్మ పట్టిందని తేలింది. దాన్ని విప్పి, పక్కన రెండు పెద్ద బల్బులు వెలిగించి, రాత్రంతా ఆరబెట్టాడు. పొద్దున్న మళ్ళీ మెగ్గర్ పెడితే రీడింగు బాగా పెరిగింది. అప్పుడు వార్నిష్ పట్టించాడు. ఖర్చంతా కలిపినా కొత్తదాని ధరలో మూడోవంతు కాలేదు.

ఇంతవరకూ అయితే ఇది మిస్త్రీ కథే. అసలు సంగతి మూడోరోజు సాయంత్రం బయటపడింది.

ఈ కారవాన్లో ఒక కుర్రాడున్నాడు. ఇరవై ఏళ్ళుంటాయి. తుడవటం, నీళ్ళు పట్టటం, డీజిలు పొయ్యటం అన్నీ అతనే. హీరోగారు వెళ్ళిపోయాక ఆ సోఫా మీదే పడుకుంటాడు. “పగలు ఆయన పడుకున్న చోట రాత్రి నేను పడుకుంటా అన్నా. నా సినిమా ఛాన్స్ అదే!” అని నవ్వేవాడు. చెమట పడితే ఒక ఏసీ వేసుకుంటాడు. అంటే జనరేటర్ తిరుగుతూనే ఉంటుంది.

ఉస్తాద్ బండి కింద దూరి పొగగొట్టం చూస్తున్నాడు. ఇంజను నుంచి సైలెన్సర్‌కి వెళ్ళే మెలికల పైపు చిట్లిపోయి ఉంది. పాతకాలంలో ఎవరో దానికి గుడ్డలాంటిది చుట్టి తీగ బిగించారు. సరిగ్గా దాని పైన, వైర్లు లోపలికి వెళ్ళటానికి చేసిన కంత. మూత లేదు. ఆ కంత లోపల ఎక్కడ తేలుతుందో చూడమని నన్ను పంపాడు. చూశాను. సోఫా కింద!

ఆయన బయటికొచ్చి చేతులు తుడుచుకుని కుర్రాణ్ణి పిలిచాడు.

“పొద్దుగాల లేస్తె తల నొస్తదా బిడ్డా?”

“నొస్తది ఉస్తాద్. నైట్ షూటింగులు కదా, నిద్ర చాలదు.”

“కడుపుల తిప్పినట్లయితదా?”

కుర్రాడు జవాబు చెప్పలేదు. నా వైపు చూశాడు.

కార్బన్ మోనాక్సైడ్ అనే మాట మనం ఇంటర్‌లో చదివి, పరీక్ష రాసి మర్చిపోయిందే. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మత్తు. మెలకువగా ఉన్నవాడైతే బయటికి పరిగెత్తచ్చు. నిద్రలో ఉన్నవాడికి ఆ అవకాశమే లేదు. 2024 డిసెంబరులో కేరళలో, వడకర దగ్గర రోడ్డుపక్కన ఆపిన కారవాన్లో ఇద్దరు శవాలై కనిపించారు. జనరేటర్ వదిలిన కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగునున్న సందులోంచి లోపలికి చేరిందని తర్వాత జరిగిన పరీక్షల్లో తేలింది.

ఓనరు ఫోన్ చేశాడు. సోమవారం కాల్షీటుంది, ఏసీలు పనిచేస్తే చాలు, పైపు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఉస్తాద్ గొంతు పెంచలేదు.

“పైసలు తర్వాతియ్యిండ్రి సార్. పైపు పడేదాంక మాత్రం నేను సెల్ఫు కొట్టనియ్య. హీరో వస్తడు, గంట ఉంటడు, పోతడు. పిలగాడు రాత్రంత ఉంటడు.”

ఫోన్లో చాలాసేపు మాట లేదు. ఆఖరికి “కానివ్వండి” అన్నాడు ఓనరు.

తాండూరు నుంచి కొత్త పైపు, గాస్కెట్లు వచ్చాయి. పొగగొట్టం చివరని బండి అంచు దాటేలా, కిటికీలకు దూరంగా పొడిగించాడు. కంతను రేకుతో మూసి, వైర్ల చుట్టూ సందు లేకుండా పూత పెట్టాడు. సబ్బునీళ్ళు తెచ్చి పొగగొట్టం అతుకులన్నిటికీ పూయించి, చల్లటి ఇంజను స్టార్టు చేసి బుడగల కోసం వెతికాడు. ఒక్క బుడగ లేదు. ఆ తర్వాత రెండు ఏసీలూ వేశారు. మీటరు 50 దగ్గర కదలకుండా నిలబడింది.

బయల్దేరేముందు కుర్రాడికి ఆయన చెప్పినవి నేను నోటు చేసుకున్నాను. అవర్ మీటరు చూసి ఆయిలు మార్చు, క్యాలెండరు చూసి కాదు. దుమ్ములో షూటింగైతే గాలి ఫిల్టరు రోజూ విప్పు. స్టార్టయ్యాకే ఏసీ వెయ్యి, ఏసీ ఆపాక ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి ఇంజను ఆపు. షూటింగులు లేని నెలలో కూడా ఒకసారి సగం బరువైనా పెట్టి అరగంట నడుపు. ఒక్క బల్బుకోసం గంటలు గంటలు నడిపితే లోపల మసి పేరుకుంటుంది. గోడకి ఆనించి బండి ఆపకు, పొగ వెనక్కి తంతుంది. జనరేటర్ నడుస్తుంటే లోపల నిద్రపోకు. ఇది అన్నిటికంటే ముందు!

నేనొకటి కలిపాను. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి కూతపెట్టే చిన్న యంత్రం బజార్లో దొరుకుతుంది. ఓనరు దాన్ని కొని సోఫా పక్కన గోడకి బిగించాడు. లోపలి అలంకరణకయిన ఖర్చులో అదెంత!

పదిరోజుల తర్వాత కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, రాత్రిళ్ళు దోమతెర కట్టుకుని బయటే పడుకుంటున్నా. తలనొప్పి పోయింది. నిద్ర చాలకే అనుకున్నా చూడు!” అన్నాడు.

మీలో చాలామందికి సినిమాల్లో చేరాలని ఉంటుంది. అందరూ హీరో గుమ్మంలోంచే ప్రవేశించరు. కొందరు లైట్లు మోస్తూ, కొందరు డీజిలు పోస్తూ వస్తారు. అలా వెళ్ళేవాళ్ళు జీతం ఎంతని అడిగేముందు రాత్రి ఎక్కడ పడుకోవాలో అడగండి. బండి కిందికి వంగి పొగగొట్టం ఒకసారి చూసుకోండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. కరణ్‌కోట ఉస్తాద్ అంతవాడే మట్టిలో పడుకుని చూశాడు!